రంగులక్క రంగు వెయ్యని బండి

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. వీధి మొత్తానికీ ఆవిడ రంగులక్క. ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. మొదట్లో ఒకరిద్దర్ని "నేను నీకు అక్కనెలా అవుతానయ్యా? నీ నెత్తి మీద జుట్టు నాకన్నా ముందే రాలిపోయింది" అని నిలదీసింది. తర్వాత విసుగొచ్చి ఊరుకుంది.

పాత బండ్లకి కొత్త రంగు వేసే షెడ్డు ఆవిడది. అంతకుముందు తండ్రిది. ఆయన పోయినప్పుడు, ఆడపిల్ల స్ప్రే గన్ను పట్టుకోవడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళే, ఏడాది తిరక్కుండా తమ బండ్లు తెచ్చి ఆ షెడ్డు ముందు వరసలో పెట్టారు. రంగు కలపడంలో ఆవిడ చెయ్యి అలాంటిది. ఎండకి వెలిసిన బండిని చూపించి "సరిగ్గా ఇదే రంగు కావాలి" అంటే, డబ్బా మూతలో ఇంత నీలం, ఇంత తెలుపు, పుల్ల చివర కాస్త నలుపు వేసి తిప్పి, అట్టముక్క మీద కొట్టి బండి పక్కన పెట్టేది. అట్ట ఎక్కడ అయిపోయిందో, బండి ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. పెళ్ళి సంగతి ఎత్తినవాళ్ళతో "ఈ కోటు ఆరనీ, చూద్దాం" అనేది. ఆ కోటు ఆరేసరికి జుట్టు నెరిసింది. దాని గురించి ఆవిడకి దిగులేమీ లేదు. ఆవిడ దిగులు వేరే.

ఏ సందులోకి వెళ్ళినా, ఏ పాత బండి ఎదురొచ్చినా, అందులో తన చెయ్యే కనిపించేది. పాలవాడి స్కూటరు తనదే. బడి ముందు నిలబెట్టిన మోపెడ్ తనదే. కూడలిలో ఆగితే చుట్టూ ఉన్న సగం బండ్ల మీద తన రంగే. మొదట్లో అది గర్వంగా ఉండేది. ఇరవై, పాతికేళ్ళు గడిచాక అద్దాల గదిలో కూర్చోబెట్టినట్టు ఊపిరాడనట్టయింది. కంపెనీలో వేసిన మొదటి రంగు మీద ఇంకెవరి చెయ్యీ పడని బండి ఒక్కటి, ఒకే ఒక్కటి, తన కళ్ళముందు ఉండాలనిపించింది. ఆవిడకి ఏదైనా అనిపిస్తే అంతే సంగతులు. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

వీధి చివర మెకానిక్ ముసలాయనకి ఈ పిచ్చి తెలుసు. ఒకరోజు నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చి చెప్పాడు.

"జపాన్ బండి ఒకటుందమ్మాయ్. రిటైరైన నర్సమ్మ ఇంట్లో. అక్కడి నుంచి ఓడలో వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క నట్టు మారలేదు. ఆవిడ అమ్ముతానంటుంది, వచ్చినవాళ్ళని తిట్టి పంపేస్తుంది."

"ఎందుకు తిడుతుంది?"

"వెళ్ళు, నిన్ను కూడా తిడుతుందిగా. అప్పుడు తెలుస్తుంది."

నర్సమ్మ ప్రసవాలు చేసే నర్సు. ఏ వేళప్పుడు కబురొచ్చినా ఆ బండి మీదే వెళ్ళేది. చుట్టుపక్కల సగం మంది ఆవిడ చేతుల్లో కళ్ళు తెరిచారు, మిగతా సగం మంది ఆవిడ హారనుకి నిద్ర లేచారు. తుంటి ఎముక అరిగి, కాలెత్తి బండి ఎక్కలేని రోజు వచ్చాక అమ్మేద్దామనుకుంది. కొనడానికి వచ్చినవాళ్ళలో కొందరు "మీవారి బండాండీ?" అని అడిగి గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగారు. ఆ గండం దాటినవాళ్ళు లోపలికొచ్చి, బండి చుట్టూ తిరిగి, "రంగేస్తే పెళ్ళికూతురిలా ఉంటుందండీ" అని వరండాలోంచి బయటపడ్డారు.

రంగులక్క వెళ్ళినప్పుడు నర్సమ్మ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"ఏం పని చేస్తావు?" అని అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. కానీ గోళ్ళ చుట్టూ ఉన్న రంగు ఊరుకోదుగా.

"రంగులు వేస్తానండి. బండ్లకి."

నర్సమ్మ కళ్ళజోడు తీసి ఆవిడని పైనుంచి కింద దాకా చూసింది. "దొంగ చేతికి తాళాలివ్వడమంటే ఇదే. ఇక వెళ్ళిరామ్మా."

"వెళ్తానండి. ఒక్కసారి చూసి వెళ్తాను."

బండి పక్కగదిలో కిటికీ దగ్గర, దుప్పటి కింద ఉంది. రంగులక్క దుప్పటి తీసింది. ట్యాంకు నెమలి మెడ రంగు. అడుగున వెండి పూత, దాని మీద గాజులాంటి పలచని రంగు, అలాంటి పనితనం. గోడవైపు పక్క ఇంకా నిగనిగలాడుతోంది. కిటికీ వైపు పక్క ఏళ్ళ తరబడి ఎండ తాగి, పలచబడి, లేత బూడిద రంగు కలిసినట్టయింది. రెండు పక్కలా నర్సమ్మ మోకాళ్ళు ఆనిన చోట అరచేయంత మేర రంగు అరిగి మెత్తగా మెరుస్తోంది. సీటు కుట్లు కంపెనీవే. హ్యాండిల్ పిడుల రబ్బరు గట్టిపడింది గానీ అదీ మొదటిదే. సీటు కింద పనిముట్ల సంచి కూడా చెక్కుచెదరలేదు. రంగులక్క నేల మీద చతికిలబడి, చెయ్యి వెయ్యకుండా, రెండు పక్కలా చాలాసేపు చూసింది.

"ఏం, వెయ్యలేవా రంగు?" నర్సమ్మ గుమ్మంలోంచి ఎకసెక్కంగా అడిగింది.

"వెయ్యగలనండి. వెయ్యను."

"ఎందుకో?"

"ఊరంతా నా రంగే ఉందండి. నాది లేనిది ఒక్కటైనా నా కళ్ళముందు ఉండాలి."

నర్సమ్మ లోపలికి వచ్చి బండి సీటు మీద చెయ్యి వేసి నిలబడింది. "ఒక్క చుక్క కూడా?"

"ఒక్క చుక్క కూడా పడనివ్వను. మాటిస్తున్నా."

"రంగు వేసేవాళ్ళ మాట."

"రంగు వేసేవాళ్ళ మాట కాబట్టే నమ్మండి. తాగనివాడు మానేస్తానంటే ఏముంది గొప్ప?"

నర్సమ్మకి నవ్వొచ్చింది. బండి అలా చేతులు మారింది. పాత కాగితాలతో పాటు ఒక హెచ్చరిక కూడా ఇచ్చింది: "మాట తప్పావని తెలిస్తే వచ్చి తోసుకుపోతా. తుంటి విరిగినా సరే."

బండి షెడ్డుకొచ్చింది. ఇక చూడండి తమాషా.

షెడ్డులో రంగులక్కకి కుడిభుజం తమ్ముడు. పాత రంగు తీసి ఇనుము తేల్చడం, పుట్టీ పెట్టడం, గరుకు నీళ్ళకాగితంతో రుద్ది నున్నగా చెయ్యడం వాడి పని. వాడు రుద్దిన రేకు మీద ఈగ వాలితే జారిపోతుందనేవాళ్ళు. మనిషి మంచివాడు, నోరు ఆగదు. జపాన్ బండి చూడగానే వాడి చేతులు దురదపెట్టాయి.

"అక్కా, నాకో నాలుగు రోజులివ్వు. నా జన్మలో చెయ్యని పని చేసి చూపిస్తా."

"ముట్టుకుంటే వేళ్ళు విరగ్గొడతా."

"షెడ్డు ముందు దీన్ని చూసి వచ్చినవాళ్ళు నవ్వుతున్నారే! పేరు గొప్ప ఊరు దిబ్బ అంటున్నారు."

"దిబ్బ అంటే దిబ్బే. నువ్వు పోయి ఆ మోపెడ్ మూతలు రుద్దు."

వాడి భార్య, అంటే రంగులక్క మరదలు, అన్నం క్యారియరు తెచ్చి ఇస్తూ బండిని చూసి "కాకిపిల్ల కాకికి ముద్దులే వదినా" అంది. దానికి రంగులక్క కూడా నవ్వింది.

నవ్వినవాళ్ళు నవ్వనీ అని ఆవిడ తన పని తాను చేసుకుంది. సబ్బునీళ్ళలో ముంచిన దూదితో వేలెడంత వేలెడంత చోటు తుడిచింది. మెకానిక్ ముసలాయన "కొత్త కార్బురేటరు పడేద్దాం, తలనొప్పి ఉండదు" అంటే ఒప్పుకోలేదు. పాతదే విప్పించి, దాని సన్నసన్న గొట్టాలన్నీ దగ్గర కూర్చుని శుభ్రం చేయించింది. కొత్త వైర్లు వద్దంది, కొత్త పిడులు వద్దంది. ముసలాయన తల ప్రాణం తోకకొచ్చింది. "నువ్వు బండి కొనుక్కున్నావా, అత్తగార్ని తెచ్చుకున్నావా?" అని విసుక్కున్నాడు. అయితే చివరికి కిక్కు కొట్టగానే ఇంజను పట్టపగలు నిద్రలేచినట్టు ఒళ్ళు విరుచుకుని మొదలైంది. ఆ పొద్దు రంగులక్క ఊరు దాటి, పొలాల మధ్య రోడ్డు మీద తిరిగి తిరిగి, మొహం నిండా దుమ్ముతో వచ్చింది. తమ్ముడు ఆవిడని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

అంతలో ట్యాంకు కారడం మొదలుపెట్టింది. లోపల తుప్పు తిని, అడుగు అతుకు దగ్గర సూదిబెజ్జం పడింది. బొట్టుబొట్టుగా జారే పెట్రోలు అంచు వెంట రంగుని తినేస్తోంది. వెల్డింగు పెట్టించెయ్యమన్నాడు ముసలాయన. వెల్డింగు మంటకి చుట్టూ రంగు మాడిపోతుంది. మాడాక కొత్తది వెయ్యక తప్పదు. అంటే మాట పోయినట్టే.

"మంట పెట్టకుండా కుదరదా?"

"లోపల్నుంచి పూత పోసి ఆరబెడితే కుదరొచ్చు. ఓపిక కావాలి."

"ఓపిక నా దగ్గర చాలా ఉంది. అరువిమ్మంటే ఇస్తా" అంది రంగులక్క.

ట్యాంకు విప్పి, లోపల గుప్పెడు నట్లు పోసి, దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఊపింది. తుప్పంతా రాలేదాకా ఊపింది. చేతులు పడిపోయాయి. నీళ్ళతో కడిగింది. ఇక చుక్క తడి లేకుండా ఆరాలి. గాలి బాగా ఆడే చోట తగిలించి, లోపల పొయ్యడానికి పూత తేవడానికని రంగుల కొట్టుకి వెళ్ళింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. రంగుల షెడ్డులో మాటలు పనికిరావు. కంప్రెసరు మోత ఒకటి, మొహానికి మాస్కులు ఒకటి. అందుకని తండ్రి పోయాక రంగులక్కే ఒక పద్ధతి పెట్టింది. దూలానికి రెండు వరసల కొక్కేలు. కిటికీ వైపు వేలాడేది ముట్టుకోకూడదు. తలుపు వైపు వేలాడితే దాని తోలు తీసెయ్యాలి, ఇనుము తేలేదాకా రుద్దెయ్యాలి. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు. "కొక్కెం చెప్పిందే మాట" అని ఆవిడే వందసార్లు తమ్ముడికి నూరిపోసింది. ఒకప్పుడు వాడు అనుమానమొచ్చి అడిగితే, "కొక్కేనికి లేని అనుమానం నీకెందుకురా?" అని కసిరింది కూడా.

గాలి బాగా ఆడేది తలుపు వైపు.

కొట్టువాడు పూత డబ్బా వెతకడానికి పైకెక్కి, కిందికి దిగి, కబుర్లు చెప్పి, ఆలస్యం చేశాడు. రంగులక్క డబ్బా చంకలో పెట్టుకుని సందు మలుపు తిరిగేసరికి షెడ్డులోంచి నీళ్ళకాగితం చప్పుడు వినిపించింది. రంగు మీద రుద్దితే ఆ చప్పుడు మెత్తగా ఉంటుంది. ఇనుము తగిలిందంటే గరగరమంటుంది. వినిపించింది గరగర. తమ్ముడి చేతిలో ఆరోజు రుద్దాల్సిన పని ఏదీ లేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ పరిగెత్తింది. ఆ వయసులో ఆవిడ పరిగెత్తడం వీధిలో ఎవరూ చూసి ఉండరు.

తమ్ముడు మాస్కులోంచి పాట కూనిరాగం తీస్తూ రుద్దుతున్నాడు. నిగనిగలాడే పక్క, మోకాలు ఆనే చోటంతా పోయింది. ఇనుము తెల్లగా, కడిగిన పళ్ళెంలా మెరుస్తోంది. అక్కని చూసి వాడు మాస్కు కిందకి లాగాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, సంతోషంతో.

"చివరికి ఒప్పుకున్నావక్కా! నాకు నోటితో చెప్పకపోయినా ఏం, కొక్కేనికి తగిలించావు చూడు, అది చాలు. నువ్వు చూస్తుండు, దీన్ని ఎలా తయారు చేస్తానో."

రంగులక్క కొక్కెం వంక చూసింది. ట్యాంకు వంక చూసింది. అరవాలని నోరు తెరిచింది గానీ, అరవడానికి ఎదుట దోషి ఎవరూ లేరు. వాడు ఆవిడ పెట్టిన పద్ధతి ప్రకారం, ఆవిడ నేర్పినంత బాగా, ఆవిడ తగిలించిన వస్తువుని రుద్దాడు. ఆవిడ మెల్లగా స్టూలు మీద కూర్చుంది.

"కాగితం పక్కన పెట్టరా" అంది.

వాడు అక్క మొహం చూసి, చేతిలో కాగితం చూసి, ట్యాంకు చూశాడు. మెల్లగా అర్థమైంది. అర్థమయ్యాక నేల మీద కూలబడ్డాడు. "అక్కా, తలుపు వైపు..."

"తెలుసురా. నేనే తగిలించాను. గాలి కోసం."

"నేనొక్క మాట అడగాల్సింది."

"అడిగితే కసురుతానని తెలుసుగా నీకు. తప్పు నాది. నువ్వు ఏడవకు, నీ ఏడుపు చూడ్డానికి నాకిప్పుడు ఓపిక లేదు."

తమ్ముడు ఏడుపు ఆపి, ముక్కు తుడుచుకుని, చాలాసేపటికి గొంతు తగ్గించి అన్నాడు: "నువ్వు కలిపితే కలిసిపోతుందక్కా. ఆ మచ్చ మేరకే. ఆ దేవుడు దిగొచ్చినా కనుక్కోలేడు."

నిజమే. అదే చిక్కు. రంగులక్క లేచి డబ్బాలు దించింది. వెండి పూత, దాని మీద నీలం, ఆకుపచ్చ, పుల్ల చివర నలుపు. మూతలో తిప్పి అట్ట మీద కొట్టింది. ఆరాక అట్టని ట్యాంకు పక్కన పెట్టింది. కలిసిపోయింది. మోకాలి అరుగుడు కూడా వేలితో రుద్ది తెప్పించగలదు. సాయంత్రానికల్లా ఏమీ జరగనట్టే ఉంటుంది. నర్సమ్మ కళ్ళజోడు కాదు, భూతద్దం పెట్టుకుని చూసినా తెలియదు. కానీ తనకి తెలుస్తుంది. రోజూ పొద్దున్నే బండి తీసినప్పుడు, మళ్ళీ అదే, తన చెయ్యే కనిపిస్తుంది. ఎదుటివాళ్ళ కళ్ళు అరువు తెచ్చుకుని చూడలేం కదా! ఆవిడ మూతలో రంగుని గుడ్డతో తుడిచేసి, థిన్నరు పోసి కడిగేసింది. "స్కూటరు తియ్యరా" అంది తమ్ముడితో. "నర్సమ్మ దగ్గరికి వెళ్దాం."

"ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతే రేపటికి నాకు బుద్ధి మారుతుంది."

ట్యాంకుని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. నర్సమ్మ వరండాలోనే ఉంది. దుప్పటి విప్పి చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పింది, కొక్కేల సంగతి కూడా. తమ్ముడు మెట్ల దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

నర్సమ్మ తెల్లటి ఇనుము మీద వేలు పెట్టి, కాలిందన్నట్టు తీసేసుకుంది.

"నేను పిచ్చిదాన్ని. నీ మాటలు విని మోసపోయా."

"మీరు ఎంత తిట్టినా పడతానండి."

"తిడితే రంగు తిరిగొస్తుందా? నువ్వు దీన్ని కనబడకుండా చెయ్యగలవు కదా?"

"చెయ్యగలను."

"మరి చెయ్యకుండా నా దగ్గరికెందుకు మోసుకొచ్చావు? నన్ను ఏడిపించడానికా?"

"ఆ చోట మీ మోకాలు అరగదీసింది. అలాంటిదాన్ని నేను దొంగతనంగా చేసి పెట్టలేనండి."

"అయితే బండి వెనక్కిచ్చెయ్యి."

తమ్ముడు తలెత్తాడు. అక్క తల ఊపుతుందనుకున్నాడు. తప్పు చేసినవాళ్ళు ఇంకేం చేస్తారు?

"ఇవ్వను" అంది రంగులక్క.

"ఏమిటీ?"

"ఇవ్వనండి. తప్పు చేశాను కాబట్టే ఇవ్వను. మీ గదిలో దుప్పటి కింద పెడితే ఈ వానాకాలం దాటేసరికి ఆ ఇనుము పొక్కిపోతుంది. చుట్టూ ఉన్న అసలు రంగు కింద తుప్పు పాకి, అదీ పోతుంది. ఇది నేను పాడుచేసిన చోటు, దీన్ని నేనే కాయాలి. రంగు వెయ్యను. నూనెగుడ్డతో తుడుస్తా. రోజూ."

"పైన ఒక వార్నిష్ కోటు కొడితే పోలా?" అన్నాడు తమ్ముడు, ఆగలేక.

"అదీ రంగేరా. కనబడని రంగు."

నర్సమ్మ తమ్ముడి వైపు వేలు చూపించి అంది. "వీడు ఎక్కడ పుట్టాడు?"

"మీ చేతుల్లోనేనంది మా అమ్మ" అంది రంగులక్క.

"అనుకున్నా. పుట్టగానే వీపు మీద ఇంకో దెబ్బ వెయ్యాల్సింది." కోపం పూర్తిగా పోలేదు గానీ, గొంతు కొంచెం దిగింది. "విను. వానాకాలమంతా వారం వారం వస్తా. ఆ ఇనుము మీద దూదితో తుడుస్తా. దూది మీద ఎర్రటి మరక కనబడిందా, బండి ఆ రోజే నాది. సరేనా?"

"సరే."

"ఒక్క మరక."

"ఒక్క మరకే."

ట్యాంకు లోపల పూత పోశారు, ఆరింది, కారడం ఆగింది. బండికి తిరిగి బిగించారు. ఈలోగా వానలు దిగాయి. ఆ ఏడు వానలు మామూలుగా రాలేదు. షెడ్డు గోడలు చెమ్మగిల్లాయి, గుడ్డలు ఆరలేదు, రంగు పనే సగం రోజులు ఆగిపోయింది. తెల్లటి ఇనుము గాలి తగిలితే చాలు ఎర్రబారాలని చూసేది. రంగులక్క పొద్దున షెడ్డు తెరవగానే ఒకసారి, మూసేముందు ఒకసారి, మధ్యలో వాన జోరు పెరిగితే మరోసారి, సన్నటి నూనెలో ముంచి పిండిన గుడ్డతో తుడిచేది. రంగు అంచు దగ్గర మరీ జాగ్రత్తగా, నూనె అసలు రంగు మీదికి పోకుండా, పసిబిడ్డ కన్ను తుడిచినట్టు తుడిచేది. చూసినవాళ్ళు, "ఇంత చాకిరీ బదులు రంగు కొట్టెయ్యొచ్చుగా?" అనేవాళ్ళు. "కొట్టొచ్చు" అని ఒప్పుకునేది. ఒప్పుకుని తుడుచుకునేది.

నర్సమ్మ అన్న మాట ప్రకారం వచ్చేది. గొడుగు, చేతికర్ర, సంచిలో దూది. కుర్చీ వేసినా కూర్చునేది కాదు. దూది తీసి ఇనుము మీద మెల్లగా రాసి, వెలుతురులోకి పట్టుకుని చూసేది. పక్కన అక్కాతమ్ముళ్ళు పరీక్ష రాసిన పిల్లల్లా నిలబడేవాళ్ళు. దూది మీద నూనె జిడ్డు తప్ప ఏమీ ఉండేది కాదు. "ఊఁ" అనేది నర్సమ్మ. అంతే. వెళ్ళిపోయేది. తర్వాత తర్వాత "ఊఁ" అన్నాక ఒక టీ తాగేది. ఆ తర్వాత టీ తాగుతూ, ఆ బండి ఏ వాగు దగ్గర ఆగిపోయిందో, ఏ ఇంట్లో కవలలు పుట్టారో చెప్పేది. రంగులక్కకి ఆ రోజు కోసం ఎదురుచూడడం అలవాటైంది.

ఒకసారి రంగులక్కకి జ్వరమొచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. మరదలు కాళ్ళూ చేతులూ పట్టుకుని ఆపినా వినకుండా, దుప్పటి కప్పుకుని, తడిసిన గోడలు పట్టుకుంటూ షెడ్డుకొచ్చింది. తలుపు అప్పటికే తెరిచి ఉంది. తమ్ముడు బండి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నాలుక కొరుక్కుంటూ, అంచు దగ్గర తుడుస్తున్నాడు. జీవితమంతా రంగు ఊడగొట్టిన చేతులవి.

"గట్టిగా రుద్దకురా."

"రుద్దట్లేదక్కా. తుడుస్తున్నా. నువ్వెళ్ళి పడుకో."

రంగులక్క గుమ్మానికి ఆనుకుని కాసేపు చూసింది. ఆవిడకి తమ్ముడి మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. అది వాడికి చెప్పింది కూడా, జ్వరంలో ఉంది కాబట్టి. వాడు సిగ్గుపడి, "జ్వరం బాగా ముదిరినట్టుంది" అన్నాడు.

వానలు వెనక్కి తగ్గాయి. ఎండ ముదిరి, గోడలు ఆరి, ఇక చెమ్మ అన్న మాట లేని రోజున నర్సమ్మ వచ్చింది. దూది తీసింది. మొత్తం మచ్చ మీద, అంచుల వెంట, ఇదివరకెన్నడూ లేనంత నిదానంగా రాసింది. వెలుతురులోకి పట్టుకుంది.

"ఏమీ లేదు" అంది. దూదిని మడిచి సంచిలో పెట్టుకుంది. స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇక నేను రానమ్మాయ్. రోగి కోలుకున్నాక నర్సు అక్కడే కూర్చుంటే బాగుండదు."

రంగులక్కకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. బండి తనదైంది. కానీ వారం వారం ఆ గొడుగు గుమ్మంలో కనబడదు.

"ఇంకో మాట" అంది నర్సమ్మ. "రంగు వేసేసుకో ఇక. ఎన్నాళ్ళని తుడుస్తావు? ఆ మచ్చ మేరకి వేసేసుకో. నువ్విచ్చిన మాట నేను వెనక్కిచ్చేస్తున్నా."

తమ్ముడు అక్క వైపు ఆశగా చూశాడు. పాపం, వాడి చేతులు కూడా నొప్పి పుడుతున్నాయి.

"మీరు వెనక్కివ్వడానికి మాట మీది కాదండి" అంది రంగులక్క. "ఇచ్చింది నేను. వెనక్కి తీసుకుంటే నేను తీసుకోవాలి. నేను తీసుకోను."

"మొండిదానివి."

"అవునండి."

నర్సమ్మ చేతికర్ర ఆనించుకుని లేచింది. ఇంటికి వెళ్ళడానికి తమ్ముడు ఆటో కోసం బయటికి పోబోయాడు. రంగులక్క వాణ్ణి ఆపింది. బండి బయటికి తీసి, స్టూలు దాని పక్కన వేసింది.

"ఎక్కండి. నేను దింపుతా."

"ఎక్కడ ఎక్కను? ఇన్నేళ్ళలో దీని వెనక సీట్లో నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. ఎలా కూర్చోవాలో కూడా తెలియదు నాకు."

"నన్ను పట్టుకుని కూర్చోవడమే."

తమ్ముడు ఒక పక్క, మరదలు ఇంకో పక్క పట్టుకుని ఎక్కించారు. తుంటి నొప్పికి నర్సమ్మ ఒక్క కేక పెట్టింది, తర్వాత సర్దుకుంది. కిక్కు కొట్టగానే ఇంజను అందుకుంది. బండి సందులోంచి మెయిన్ రోడ్డు ఎక్కింది.

"రెండో గేరు వెయ్యి" అంది నర్సమ్మ చెవి దగ్గర. "వేశావా? ఇంత తొందరగా మూడు వెయ్యకూడదు, దానికి ఇష్టముండదు. ఆ గుంట చూసుకో. హారను కొట్టవేం?"

"కొడుతున్నానండీ!"

"గట్టిగా కొట్టు."

బడి దాటారు, కూడలి దాటారు. నర్సమ్మ ఇంటి సందు వచ్చింది. రంగులక్క బండి అటు తిప్పలేదు, తిన్నగా పొలాల రోడ్డు వైపు పోనిచ్చింది. ఇల్లు వెనక్కి వెళ్ళిపోవడం నర్సమ్మ చూసింది. రంగులక్క నడుం చుట్టూ చేతులు కాస్త బిగిశాయి. ఆ తర్వాత ఆవిడ గేర్ల గురించి ఇంకేమీ చెప్పలేదు.